లోకల్ లోడు

పాప పుట్టకముందు నా బండి గీత
గౌహతి దాకా పోయేది.
ఓనరు ఫోనులో చూసుకుని మురిసేవాడు:
"నాగుల్ మీరా, ఒరిస్సా దాటేశావా!"
ఇప్పుడా గీత
ఆటోనగర్‌కీ మంగళగిరికీ మధ్య
కోడికాలికి చుట్టుకున్న దారంలా చిక్కుపడింది.
ఏం చెప్పను?
గౌసియా ఇంకా పచ్చి బాలింత.
రాత్రి పదింటికల్లా ఇంట్లో ఉండాలి నేను.
అందుకే ఇసక తోలుతున్నా.

బ్యారేజీ కింద తిప్ప మీద
గొడుగేసుకుని ఒక చదువుకునే పిల్ల,
పిట్టల లెక్క రాస్తూ.
పసుపు ముక్కు, నల్లటి నెత్తి, కత్తెర తోక.
పడవ ఏసోబు వాటిని రామదాసులంటాడు.
ఒకదాని వీపు మీద చింతగింజంత యంత్రం.

"చూడన్నా" అని ఫోను తిప్పింది.
చలికాలంలో దాని గీత హంసలదీవి దాటి
సముద్రంలో ఎటంటే అటు.
గుడ్డు పెట్టాక సగమే.
ఒకటి పొదుగుతుంటే ఇంకోటి పోవాలి,
ఆకలి కూడా వంతులవారీగానే.
గుడ్డు పగిలాక మరీను.
"ముక్కుకి ఒక్క చేపే పడుద్దన్నా.
దూరం పోతే పిల్ల ఎండకి మాడిపోద్ది."
ఇక గేట్ల కిందే దాని బతుకు,
తిప్పకీ నీళ్ళకీ, నీళ్ళకీ తిప్పకీ,
పరిగె దొరికినా పండగే.

నవ్వొచ్చింది నాకు.
"దీనిదీ లోకల్ లోడే" అన్నాను.

నాలుగు కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టింది.
నేను చుట్టూ తిప్పే తోలాను, డీజిలు నాదైనా.
రాత్రుళ్ళు తోలే బళ్ళు వేరు.
చీకట్లో ఎరుపు ఎవడికి కనపడుద్ది?

శుక్రవారం ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు.
ఫోను నా చేతిలో పెట్టింది.
గీత
తిన్నగా
పులిగడ్డ, అవనిగడ్డ, ఉప్పునీళ్ళు,
ఇంకా లోపలికి.
వెనక్కి ఒక్క వంకరైనా లేదు.

ఇన్నాళ్ళూ పొడుగు గీతంటే నాకు
పాటలు గట్టిగా పెట్టుకుని పోయే రోడ్డు.

ఆ రోజు లోడు గుంటూరుకి,
అరండల్‌పేటలో మూడంతస్తుల మేడ.
మేస్త్రీ జల్లెడ ఊపుతుంటే పైన మిగిలినవి
గవ్వలు, బీడీ ముక్క,
చుక్కలున్న పల్చటి పెంకు ఒకటి.
గవ్వదే, అన్నాడు మేస్త్రీ.
గవ్వదే, అన్నాను నేనూ.

పదింటికి ఇల్లు చేరాను.
లోపల పాప ఏడుస్తోంది.
చెప్పుల్లో ఇసక
గడప బయటే దులిపాను.
రెండుసార్లు.