సున్నా టికెట్టు

అమ్మ చేతిల మిషన్ రెండు తీర్ల కాయితం కక్కుతది.
నాకు సున్నా టికెట్టు,
అన్నికికి పైసల టికెట్టు.
ఆధార్ లేదు మరి. ఆమెది ఫిన్‌లాండ్.
"మనింట్లనే తింటది, మనింట్లనే పంటది,
బస్సెక్కంగనే పరాయిదైతదా?"
అని గొణుక్కుంట
తన పర్సుల పైసలు తీసి
డిపో సంచిల ఏసేది అమ్మ.

హన్మకొండ డిపోల మా అమ్మది ములుగు రూటు.
ఆదివారాలు మావి.
కుమార్‌పల్లిల ఇంకా చీకటుండంగనే లేచి
డబ్బాల సర్వపిండి ముక్కలు సర్దుకొని
డ్రైవరెనుక రెండో సీటు పట్టేటోళ్ళం.

అన్నికి తెలుగు నేర్చింది పుస్తకంల కాదు,
బస్సు బోర్డుల మీద.
పరకాల సులువు. ములుగు ఇంకా సులువు,
మూడక్షరాలు, మూడింటికీ కొమ్ములు.
నర్సంపేట కాడ ఆగింది.
"ర కింద ఎవరది?"
స, అన్న.
"మరి దాని తల?"
ఇంకో అక్షరం కింద ఉండాలంటే
తలకట్టు తీసి పక్కన పెట్టాలె, అని చెప్పిన.
చెప్పేదాంక నాకూ తెల్వదు.

స్కూల్ల మొదటి రోజు
హాజరు పిలిస్తే క్లాసంతా నవ్వింది.
అన్నికి అంటే? అన్నిటికా? అన్నకా? ఏ అన్నకు?
తెలుగు సార్ కళ్ళద్దాలు పైకి జరిపి
"నవ్వకుండ్రి. ఈ పిల్ల పేర్లనే షష్ఠీ విభక్తున్నది" అన్నడు.
కి, కు, యొక్క, లో, లోపల.
'లోపల' కాడ ఎందుకో ఆమె దిక్కు చూసిన.
ఒక్క ముక్క సమజ్ కాలే ఆమెకు,
చెవులు మాత్రం ఎర్రగైనయి.

ప్రతిజ్ఞ చదివేటప్పుడు
ఆమె చెయ్యి మోచేతి దాక లేచి ఆగేది.
పీఈటీ మేడం ఎత్తమనలే, దించమనలే.
లెక్కల స్లిప్ టెస్టుల ఇరవైకి ఇరవై,
సోషల్ల సున్నా.
ఆ సున్నా నాకు చూపించి
"ఇది చూపెడితే బస్సు ఫ్రీయా?" అన్నది.
ఏడాదంతట్ల ఆమె ఏసిన జోకు అదొక్కటే.

రామప్ప గుడి ఇటుక నీళ్ళ మీద తేలుతదని
బస్సుల తోవ పొడుగూత చెప్పిన.
"చూసినవా?"
ఊఁ, అన్న.
చూడలే.
పదహారేండ్లు డెబ్బై కిలోమీటర్ల దూరంల ఉండి
నేనూ ఆమెతోటే మొదటిసారి పోతున్న.
ఆ నల్ల స్తంభాల నడుమ
తోవ ఎరుకున్నదాని లెక్క ముందు నడిచిన.

బొగత కాడ జారి పడ్డది.
మేడారం తోవల కోతికి అరటిపండిచ్చి
సంచి మొత్తం పోగొట్టుకున్నది.

లక్నవరం వంతెన మీద
కాళ్ళ కింద పలకలు ఊగుతుంటే
శానాసేపటికి నోరు ఇప్పింది.
"మా ఊర్ల జనవరి నెల
చెరువు మీదికెల్లి నడిచి బడికి పోతం."
ఆ రోజు డ్యూటీ లేక మాతోని వచ్చిన అమ్మ
టక్కున ఆగింది.
"మరి చాపలెట్ల?"
"కింద ఉంటయి. మెల్లగ ఉంటయి. బతికే ఉంటయి."

ఆ రాత్రి అన్నికి గోడదిక్కు తిరిగి పండుకున్నది.
అమ్మ ఏమీ అడగలే.
బీరువల దుప్పటి తీసి కప్పింది,
ఏప్రిల్ నెలల, ఫ్యాను కింద, హన్మకొండల.

పోయేటప్పుడు టికెట్లన్నీ తీస్కపోయింది.
ఎండకు అచ్చు చెరిగి తెల్ల కాయితాలైనా
చేతితోని తడిమి చెప్పేది:
ఇది ఏటూరునాగారం, ఇది వాన పడ్డ రోజు,
ఇది మీ అమ్మ కోపానికొచ్చిన రోజు.
నా లెక్కల నోటుబుక్కు ఎనుక పేజీల
తన పేరు రాసి పోయింది.
వచ్చిన కొత్తల 'అనికి' అని రాసేది.
ఇప్పుడు న కింద న.
కింది దానికి తలకట్టు లేదు.

మొన్న ఆదివారం ఒక్కదాన్నే ఎక్కిన.
రెండో సీట్ల ఎవరో ముసలామె, ఒళ్ళె కోడిపుంజు.
అమ్మ మిషన్ మీద ఏలు పెట్టి ఆగి
ఎన్నడూ అడగనిది అడిగింది.
"ఎక్కడిదాంక?"
మంగపేట, అన్న.
"ఆడ ఎవలున్నరే?"
ఎవలు లేరు. చూడలే.