మూడో సమీక్షకుడికి

మీ పేరు నాకు తెలియదు. తెలియకూడదన్నదే నియమం.
మీ వాక్యం మాత్రం
ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద వేలాడుతోంది:
"దరఖాస్తుదారులకు తగిన పరిశోధనా వాతావరణం లేదు."

వాతావరణానికేం కొదవ సార్,
లేక మేడమో,
నిన్న రాత్రి మైనస్ ముప్పై నాలుగు.
మా పెద్ద ఫ్రీజరు కంప్రెసర్ ప్రాణం విడిస్తే
మట్టి నమూనాల డబ్బాలన్నీ వరండాలోకి మోశాం.
కయోటీలు మూతలు లాగకుండా
నేనూ మార్లీసా వంతులేసుకుని కాపలా.
మొంటానా తూర్పు కొసలో
ఆకాశమే మాకు శీతల గిడ్డంగి,
అద్దె లేదు, ఆడిట్ లేదు.

దేశం సైన్సుకిచ్చే ప్రతి నూరు డాలర్లలో
మా రాష్ట్రానికి రాలేది ముప్పావుకు లోపు.
అందుకే మాకో ప్రత్యేక పథకం.
"వెనకబడ్డ" అనరు, మర్యాద తెలిసినవాళ్లు.
"సామర్థ్యం పెంపొందించుకుంటున్న" అంటారు.
ఆ మాట పలికేసరికి
మా కాఫీ చల్లారిపోతుంది.
వెనక పేజీల్లో సన్నని అక్షరాల్లో ఒక నిబంధన:
హద్దు దాటితే మీరిక అర్హులు కారు.
నడక వచ్చిందనగానే చంకకర్ర వెనక్కి.
తప్పుపట్టడం లేదు. గీత ఎక్కడో ఒకచోట గీయాలి కదా.
గీతకి ఇవతల నిలబడి రాస్తున్నాను, అంతే.

అసలు సంగతి చౌడు.
పొలం బీడుంచిన ఏడు
తాగే వేరు లేక వాననీరు లోలోపలికి దిగి,
అడుగున పడుకున్న ఉప్పును నిద్రలేపి,
పల్లంలో తెల్లగా పైకి తేలుతుంది.
ఆర్విడ్ టోలెఫ్సన్ పొలంలో
మొదటి ఏడు కుర్చీ అంత మచ్చ.
వాళ్ల నాన్న "జూలైలో మంచు" అని నవ్వాడట.
ఇప్పుడు నలభై ఎకరాలు. ఎవరూ నవ్వరు.
ఆర్విడ్ వంగి చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని
"నిరుటికంటే ఘాటు" అన్నాడు.
అరువు తెచ్చిన మీటరు
అరగంట తంటాలు పడి
అదే మాట అంది.

"జాతీయ ప్రాముఖ్యాన్ని రెండువందల యాభై పదాల్లో వివరించండి."
గోధుమ రాశాను, ఎగుమతులు రాశాను,
భూగర్భజలాల నమూనా అని ఒక బొమ్మ వేశాను.
రాయనిది ఒకటుంది:
ఆయన టోపీ తీసి చేతుల్లో నలుపుతూ
"అమ్మాయీ, నా తర్వాత ఇక్కడ ఏమైనా మొలుస్తుందా?" అన్నాడు.
నాకు లెక్కలు వచ్చు.
ఆ ప్రశ్నకు జవాబు రాదు, ఇంకా.

మార్లీసా గురించి మీరు "అనుభవం స్వల్పం" అన్నారు.
నిజమే, ఇరవై రెండేళ్లు.
పోయిన నెల ఆమె ఫోర్ట్ పెక్ వెళ్లి
మేనత్త డెల్ఫిన్ ఇంటి నుంచి
పదకొండు ఖాతాపుస్తకాలు తెచ్చింది.
నెలకోసారి బావిలోకి తాడు దింపి
తడిసిన మేర కొలిచి
పెన్సిలుతో రాసిన అంకెలు.
ముప్పై ఆరేళ్లవి.
జీతం నీళ్ల ఆఫీసులో గుమస్తాది.
అది పరిశోధన అని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.
చెప్పకపోయినా
ఒక్క నెల తప్పలేదు,
ఒక ఫిబ్రవరి తప్ప.
ఆ గడిలో రాసి ఉంది: "మూత గడ్డకట్టింది. గొడ్డలి తెస్తాను."

సామర్థ్యం అంటే ఏమిటో
మీ ఫారంలో నిర్వచనం ఉంది, మళ్లీ చదివాను.
అందులో గొడ్డలి లేదు.

మళ్లీ దరఖాస్తు పెడుతున్నాను.
కావలసినవి అవే: ఒక కంప్రెసర్,
ఒక మాస్ స్పెక్ట్రోమీటర్,
అది పట్టేంత తలుపు (పాతది పశువుల కొట్టానిది),
మార్లీసాకు మూడేళ్ల జీతం,
డెల్ఫిన్‌కు పాత బకాయి, ఏ పద్దు కింద వేయాలో తెలియదు.
"పరిశోధనా వాతావరణం" శీర్షిక కింద
ఈసారి పేరాలు లేవు.
ఆ తాడు ఫొటో జతచేశాను.
ముడులు లెక్కపెట్టుకోవచ్చు.

తెల్లారడానికి ఇంకా మూడు గంటలు.
వరండాలో కాపలా
నా వంతు వచ్చింది.
ఉంటాను.