రిజిస్టరులో ఏడో గడి

నా పని గళ్ళు నింపడం.
పేరు, ఈడు, ఆడా మగా, ఊరు,
కుడి కన్ను, ఎడమ కన్ను.
ఏడోది: ఆపరేషన్ అయ్యాక చూపు.

ఏ పేజీ తిప్పినా
ఏడో గడి చాలావరకు ఖాళీ.
కట్టు విప్పేసరికే మినీబస్సు హారన్ కొడుతుంది,
జనం వెళ్ళిపోతారు, చూపూ వాళ్ళ వెంటే వెళ్ళిపోతుంది,
లెక్క మాత్రం నా దగ్గర ఉండిపోతుంది.

లుఫెయో మూడేళ్ళ కిందట వచ్చాడు.
రెండు కళ్ళూ చేయించుకున్నాడు, ఆర్నెల్ల తేడాతో.
వలలు అల్లేవాడు, కళ్ళు కావాలి కదా, అన్నారందరూ.
భార్య ఎనెలెసి బయట బెంచీ మీద కూచుంది
అతని చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకుని.
ఆమె కళ్ళలోకి ఎవరూ టార్చి వెయ్యలేదు.
నేనూ వెయ్యలేదు.
అప్పటికే అవి
మొక్కజొన్న గంజి పోసిన రెండు గిన్నెలు.

ఆపరేషన్ ఉచితమని గోడ మీద రాశాం, పెద్దక్షరాలతో.
చదవాల్సినవాళ్ళకే అది కనపడదు.
కనపడినా
సైకిల్ టాక్సీ ఉచితం కాదు,
తోడొచ్చిన మనిషి తినే న్సిమా ముద్ద ఉచితం కాదు,
ఆ రెండు రోజులూ మేకల్ని ఎవరు తోలుకొస్తారు?
ఎక్కడో పెద్ద నగరాల్లో
రాత్రి కారు నడిపేటప్పుడు ఎదుటి దీపాలు కాస్త చెదిరితే చాలట,
వారంలో పొర తీసేస్తారట.
అక్కడా ఇక్కడా పొర ఒకటే,
లోపల పెట్టే బిళ్ళా ఒకటే, చిటికెన గోరంత.

వంతు కోసం ఎనెలెసి కళ్ళు కాయలు కాచాయి.
మాట వరసకి కాదు,
గట్టిపడి, ముదిరి, గోధుమ రంగు తిరిగాయి.

చివరికి వచ్చింది, ఒక కర్ర పట్టుకుని.
కర్ర అవతలి కొసన మనవరాలు మాలిత, పదకొండేళ్ళది.
ఏ తరగతమ్మా అంటే
"మానేసిన తరగతి" అంది.
కర్ర రెండు కొసలూ నునుపు దేలి ఉన్నాయి.
నా రిజిస్టరులో ఒక కొసకే గడి ఉంది.

అక్షరాల చార్టు చూపించాను. మాట్లాడలేదు.
ఇవి ఎన్ని వేళ్ళు? "ఎవరివి?"
చెయ్యి ఊపాను. "గాలి తగులుతోంది."
టార్చి వేశాను. "పొద్దు. అటు పక్కన."
రాశాను: వెలుగు తెలుస్తోంది.

ఆ రోజు తొమ్మిది మందికి చేశాం.
జనరేటరు రెండుసార్లు ఆగింది.
మర్నాడు కట్లు విప్పితే కొందరు నవ్వారు, ఒకామె ఈల వేసింది.
బిజివెక్ అనే ముసలాయన మాత్రం
గోడవైపు తిరిగి కూచున్నవాడు అలాగే కూచున్నాడు.
తొమ్మిదిలో ఆయనా ఒకటే.
తొమ్మిది అనే పై ఆఫీసుకి పంపాం.

ఎనెలెసి ఏడవలేదు. మాలితని ఎగాదిగా చూసి
"నీ మెడ ఇంత పొడుగు ఎప్పుడైందే?" అంది.

మూడు వారాలకి సైకిలెక్కి నేనే వెళ్ళాను,
ఏడో గడి కోసం.
మలావి సరస్సు ఒడ్డున, రెల్లు తడకల మీద
ఉసిపా చేపలు ఎండుతున్నాయి, వెండి పొట్టులా.
పంపకం జరుగుతోంది.
ఎనెలెసి తన కుప్ప చూసింది.
మరిది కుప్ప చూసింది.
మళ్ళీ తన కుప్ప చూసింది.
"ఎన్నేళ్ళ నించి?"
అంతే అడిగింది.
రెండు కళ్ళూ ఉన్న లుఫెయో
వల చిక్కు తీస్తూ తల ఎత్తలేదు.

తడకకి చార్టు వేలాడదీశాను.
నాలుగో వరస దాకా చదివింది. అంకె వేశాను.
కుప్పల సంగతి రాయడానికి గడి లేదు.

మాలిత ఏదీ, అన్నాను. బడికి వెళ్ళి ఉంటుందనుకుంటూ.
"బిజివెక్‌ని ఏటికి తీసుకెళ్ళింది. రోజూ అదే పని."
దూరంగా కనపడ్డారు
ముందు పిల్ల, వెనక ముసలాయన,
మధ్యలో అదే కర్ర.

ఒడ్డున కూచుని పేజీలు వెనక్కి తిప్పాను.
బిజివెక్. కుడి కన్ను. ఆపరేషన్ అయింది.
ఏడో గడి తెల్లగా ఉంది,
ఆయన కన్నులాగే.
పెన్సిల్ ములుకు విరిగింది.
చెక్కుతున్నాను.