ఇరవై రెండు మూరలు

చిక్కడపల్లి సందులో మూడో అంతస్తు.
గ్రూప్స్ గైడుకి ప్రూఫులు దిద్దుతున్నాను.
నూట పదకొండో పేజీ: ఉరార్తు, అస్సిరియా,
రాజులు, పాలనా కాలాలు.
ఎడమ గడిలో పేర్లు, కుడి గడిలో అంకెలు.
అంకెల వెనక అక్కడక్కడ ఓ ప్రశ్నార్థకం,
కొక్కేనికి తగిలించి ఎవరో మరిచిపోయిన గొడుగులా.

"అవి తీసెయ్యండి మేడమ్," అన్నాడు సేటు,
"బిట్టుకు జవాబు ఒక్కటే ఉండాలె."

తీశాను.
సర్దూరి దగ్గర ఒకటి, మెనువా దగ్గర ఒకటి.
రూసా దగ్గర పెన్ను ఆగింది.
ముసాసిర్ గుడి దోచారని విని
తన బాకుతో తనే పొడుచుకున్నాడట, పందిలా.
పందిలా అన్నది
సర్గోను దగ్గర రాయసం రాసేవాడు.
చచ్చినవాడు ఏమన్నాడో రాతికెక్కలేదు.
అట్లా రాయించుకున్న సర్గోనూ
చివరికి కొండల్లో ఎక్కడో పడిపోయాడు,
శవం ఇల్లు చేరలేదు.
దీనికి పట్టికలో గడి లేదు.

షకీరా కంప్యూటరు ముందు ఆవులించి
"ఈ తిగ్లత్ పిలేసరు ఒక్క లైన్ల పడ్తలేడు,
విరగ్గొట్టాల్నా?" అంది.
ఇద్దరం నవ్వుకున్నాం.
ఎన్ని కోటలు విరగ్గొట్టాడో,
వాణ్ణి చిన్న అడ్డగీతతో విరగ్గొట్టాం.

అస్సిరియాలో ఏడాదికి అంకె ఉండేది కాదు,
ఒక అధికారి పేరుండేది.
బూర్ సగలే ఏడు, ఎండాకాలం,
సూర్యుణ్ణి గ్రహణం మింగింది.
ఆ కాసింత చీకటిని పట్టుకునే
మిగతా ఏళ్ళన్నీ లెక్కగట్టారు.
మా సందులోనూ అంతే.
ట్రాన్స్‌ఫార్మర్ పేలిన ఏడు.
నోటిఫికేషన్ రద్దయిన ఏడు.
గద్వాల నాగన్న
పుస్తకాలన్నీ తూకానికి అమ్మి
బస్సెక్కి పోయిన ఏడు.

రాత్రి రెండున్నర.
కింద ఇనుప మూత లేచిన చప్పుడు.
జలమండలి కిష్టప్ప వాల్వు తిప్పుతున్నాడు.
ఒక్కో ఇంట్లో మోటారు గొంతు సవరించుకుంటోంది.
మెనువా తవ్వించిన కాలువ ఇంకా పారుతోందట,
అతని పేరు మీద కాదు,
దాని ఒడ్డున ఎన్నడూ నిలబడని ఓ రాణి పేరు మీద.
కిటికీలోంచి కిష్టప్పకి చెబుదామనుకున్నాను.
అతనికింకా ఏడు సందులున్నాయి.

పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఒక గుర్రం మిగిలింది.
మెనువా ఎక్కిన అర్సిబిని
ఇక్కణ్ణించి ఇరవై రెండు మూరలు దూకిందని
ఒక రాయి మీద చెక్కి ఉందట.
అంతే. గెలుపు లేదు, కప్పం లేదు,
ఎన్ని తలలు తెగాయో లేదు.
"ఇది పరీక్షల రాదు, కొట్టెయ్యండి," అని
అంచులో సేటు ఎర్ర ఇంకు.

లేచి పిట్టగోడ దగ్గరికెళ్ళాను.
ఇక్కణ్ణించి ఎదుటి హాస్టలు గోడకి
కంటితోనే మూరలు వేశాను.
పదహారు. మహా అయితే పదిహేడు.
దూకినాక ఇంకా అయిదు మిగుల్తాయి,
ఆరేసిన బట్టల మీదుగా.