పెచ్చు

జుబేల్‌ల సముద్రాన్ని మరగబెట్టే ప్లాంటు మాది.
ఆవిరి ఒక దిక్కు, ఉప్పు ఒక దిక్కు.
గొట్టాల లోపల తెల్లగ పేరుకున్న పెచ్చును
ఆసిడ్ పోసి కరిగిస్త,
కరగని మొండిదాన్ని బ్రష్షుతోని గీకుత.
పదకొండేండ్లు.
ఊరంత తాగేది
నేను గీకిన గొట్టాలకెళ్లి పోయే నీళ్లే.

ఆ రాత్రి రెండింటికి
కాలి బొటనవేలు నన్ను లేపింది.
తేలనుకున్న. లైటేసి చూస్తే తేలు లేదు.
వేలు మాత్రం ఉబ్బి, మెరుస్తూ,
సిందూరం పూసిన రాయి లెక్క నిలబడ్డది.
దుప్పటి అంచు తగిలితే అరిచిన.
దుప్పటి! ఉత్త నూలు దుప్పటి!
పై మంచం మీదికెళ్లి గుల్‌జమాన్ దిగుతుంటే
నిచ్చెన మీద వాడు పెట్టిన ప్రతి అడుగు
నా వేల్లనే పడ్డది.

క్లినిక్‌ల మొదటి ప్రశ్న: "తాగుతవా?"
ఈ దేశంలనా సార్, అన్న. నవ్విండు.
రెండో ప్రశ్న: "నీళ్లు?"
దానికి నోరు రాలే.
టాంకు మీద ఎండల పన్నెండు గంటలు,
బాత్రూముకు డెబ్బై మెట్లు దిగాలె,
ఎవడెన్నిసార్లు దిగిండో ఫోర్‌మన్ రాస్తడు.
గొంతెండితే ఒక కోలా డబ్బా, తియ్యగ, చల్లగ.
శుక్రారం ఒక్క పళ్లెం చుట్టూ ఎనిమిదిమందిమి,
పెద్దోణ్నని కార్జం ముక్కలన్నీ నా దిక్కే తోస్తరు.

సిస్టర్ షైనీ కాగితం మీద కాలు బొమ్మ గీసింది.
ఒంట్లె కణాలు దినాం చస్తయి, పుడతయి,
తిన్న మాంసం సుత విరుగుతది,
ఆ విరిగినదాని మడ్డి యూరిక్ ఆసిడ్.
కిడ్నీలు వడగట్టి బయట పోస్తయి.
పోయలేనప్పుడు అది నెత్తుట్లనే తిరుగుతది,
తిరిగి తిరిగి చల్లటి జాగా చూసుకుంటది.
గుండెకు అన్నిటికన్న దూరం బొటనవేలు.
పైగా మీ రూముల ఏసీ, అన్నది.
అక్కడ సూదులై కూసుంటది.
కావలి కాసే తెల్లకణాలు
ఆ సూదుల్ని మింగబోయి పగిలిపోతయట.
ఈ ఎరుపు, ఈ మంట ఆ కొట్లాటవే.

నాకెందుకో నవ్వొచ్చింది.
ప్లాంటుల ఆసిడ్ పోస్తే పెచ్చు కరుగుతది,
నా ఒంట్లె ఆసిడే పెచ్చు కట్టింది.
రాజుల రోగమనేటోళ్లట ఎనకట.
ఇకామాల మాత్రం క్లీనింగ్ లేబర్ అనే ఉన్నది.

గోళీలిచ్చి, ఫోన్ల ఒక పువ్వు చూపింది:
ఈ మందు దీని గడ్డల సుత ఉంటది,
మా దిక్కు మేత్తోన్ని అంటరు.
ఎరుపు, పసుపు, మంట పైకి లేచినట్టు రేకలు.
నాభిగడ్డ!
మా మక్కచేను కంచె మీద పాకేది.
ముట్టుకున్నవో చూడు అని
అమ్మ ఈతబరిగె తీసేది.
"ఎక్కువ మింగితే ప్రాణం మీదికొస్తది, లెక్క తప్పకు"
అన్నది సిస్టర్, అమ్మ గొంతుతోని.

అయిదో దినం నొప్పి
ఎవరూ తరమకుండనే పోయింది.
వేలి మీది తోలు ఉల్లిపొర లెక్క రాలింది.
పోయింది నొప్పే, ఆసిడ్ కాదు.
వెల్డర్ బక్కన్న చెవి అంచున
సుద్దముక్కలసొంటి గడ్డలు ఏండ్ల నుంచి చూస్తున్న,
అవేందో ఇప్పుడెరుక.

గంగామణి ఫోన్ల అడిగింది:
"కుంటుతున్నవట?" ఎవడు మోసిండో ముచ్చట.
షూ కరిసింది, అన్న.
"అయిదు దినాలు కరిసే షూ ఏం షూ?"

ఉప్పంత తీసేసిన నీళ్లు మరీ వట్టివి,
కొంచెం సున్నం మళ్ల కలిపి పంపుతం.
ఎంత కలపాల్నో గోడ మీద బోర్డున్నది.
నా ఒంటికి బోర్డు లేదు,
మూణ్నెల్లకోసారి నెత్తురిచ్చి అడగాలె.

ఇప్పుడు డెబ్బై మెట్లు దిగుత, ఎక్కుత.
ఫోర్‌మన్ రాస్తడు: లింబాద్రి, తొమ్మిదిసార్లు.
రాసుకోనీ.

ఆ రాత్రి గుల్‌జమాన్ లబన్ అట్టడబ్బా కోసి
నా కాలి మీద గూడు కట్టి
దాని మీద దుప్పటి కప్పిండు, వేలికి తగలకుండ.
డబ్బా ఇంకా మంచం కిందనే ఉన్నది.
ఊడ్చేటోడు రెండుసార్లు తీస్తే
రెండుసార్లు మళ్ల పెట్టించిన.