నిమ్మకాయంత దూరం

కనకపుర రోడ్డులో తాతగుణి దాటాక
కొబ్బరితోటలో ఏడిళ్ళం దిగాం.
అన్నీ చక్రాల మీదివే.
రాత్రి వానకి నేల పులిసిన పిండిలా ఉంది.
తోటాయన చెలువరాజు గేటు తీస్తూ
బండ్లెన్నని అడగలేదు,
"ఎష్టు మనె?" అన్నాడు, ఎన్నిళ్ళని.
ఆ ఒక్క మాటకే అతనికి
పండగ మామూలు ముందే ఇచ్చేశాను.

గ్యాసు కంపెనీవాడికి ఇప్పటికీ నేను
శాశ్వత చిరునామా బాకీ.

ఇవాళ ఆయుధపూజ.
పూజ బండికా, ఇంటికా?
రెండూ ఒకటే అయినవాళ్ళకి ఏ శాస్త్రంలో రాశారు?
గుమ్మానికి పసుపు రాద్దామంటే
మాది మడతమెట్టు.
రాసి మూసేసరికి పసుపంతా మడతలోకి పోయింది.
తోరణం వైపర్లకి కట్టాను.
స్టీరింగుకో బొట్టు, స్టవ్వుకో బొట్టు,
స్పానర్ల పక్కన అట్లకాడ,
దాని పక్కన మా అత్తగారి వినికిడి మిషను.
అదీ ఆయుధమే,
ఎప్పుడు తీసి పక్కన పెట్టాలో
ఆమెకు బాగా తెలుసు.

దేజప్ప శెట్టిది పాత అంబులెన్సు.
ఎన్నిసార్లు తెల్లరంగు కొట్టించినా
ఎండపడితే ఎర్ర ప్లస్సు గుర్తు లోపల్నుంచి తేలుతుంది.
"ఇందులో ఎంతమంది బతికారో!" అంటాడు.
మిగతా లెక్క మేమెప్పుడూ అడగం.
సేలం నుంచి వచ్చిన ఇలంగో, పొర్కొడి
సుండల్ గిన్నె పట్టుకుని
ప్రతి ఇంటి తలుపూ తట్టారు,
పది అడుగుల దూరానికే
చుట్టాలింటికి వచ్చినంత హడావుడిగా.
బూడిదగుమ్మడికాయ కొట్టింది వాళ్ళమ్మాయి యాళిని.
కుంకుమ నీళ్ళలోంచి రూపాయి బిళ్ళలు ఏరుకుంటూ
"ఇది ఎవరి దిష్టి?" అంది.
మాలో ఎవరమూ మాట్లాడలేదు.

తర్వాత నిమ్మకాయలు.
ఒక్కో ఇల్లూ గుర్రుమని నిద్రలేచి
మూరెడు ముందుకి జరిగింది.
తోటంతా పుల్లటి వాసన.
మాది లేవలేదు.
తాళం తిప్పితే టిక్కుమంది.
మళ్ళీ టిక్కు.
కావలి ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు విన్నదే,
అవతల ఎవరూ ఎత్తని ఫోను.
ఈ బండి కొన్న మనిషి
రెండు ప్రయాణాలే నడిపాడు.
స్టార్టరు సంగతి ఆయనకి తెలుసు.
నాకు గేర్లు మాత్రమే వచ్చు.

"పోనిద్దురూ, ఆ కాయలు తీసి పులిహోర కలుపుతా" అన్నాను.
"అదెల్లా ఇల్ల" అంటూ దేజప్ప అప్పటికే
వెనక తలుపుకి భుజం ఆనించాడు.
చెలువరాజు పంచె ఎగగట్టాడు.
పొర్కొడి చీర దోపుకుంది.
నోట్లో కడలెపురి నముల్తూనే ఇంకో నలుగురు.
తళ్ళు, తళ్ళి, తొయ్యండి!
నా ఇంటిని నెట్టడానికి మూడు భాషలు కావలసి వచ్చాయి.
ఒక చక్రం బురదలో మొరాయించింది,
ఎవరిదో చెప్పు తెగింది,
ఇల్లు కదిలింది.

మూడు కాయలు చితికాయి.
నాలుగోది పక్కకి దొర్లి
ఏమీ ఎరగనట్టు గడ్డిలో కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది, అత్తయ్య లోపలే ఉందని.
కిటికీ అద్దం జరిగింది.
నిద్రకళ్ళతో తల బయట పెట్టి
"ఏ ఊరొచ్చిందే?"
"ఊరేం రాలేదత్తయ్యా,
నిమ్మకాయంత దూరం వచ్చాం."
మిషను చెవిలో లేదు, పూజలో ఉంది.
ఒగరుస్తున్న మొహాలన్నీ ఒక్కొక్కటే చూసింది.
దేజప్ప మీసంలో చిక్కుకున్న బొరుగు దగ్గర
కాసేపు ఆగింది.
"మనవాళ్ళే ఉన్నారుగా.
ఇక్కడే దిగుదాం, మెట్టు వెయ్యి."

మెట్టు విప్పితే
మడతలోని పసుపు
జలజలా ఆమె పాదాల మీద రాలింది.
పదిహేనేళ్ళయింది ఆ పాదాలు పసుపు చూసి.
వంగి చూసుకుంది.
తుడుచుకోలేదు.