సున్నం గీత లావు

చిత్తూరు పెద్దాసుపత్రి వెనక
పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు కిలో లెక్కన కొని
స్టెన్సిళ్ళు కోసేవాడు మొగిలప్ప.
ఎవరిదో విరిగిన మోకాలు,
దాని మీదే బ్లేడుతో
పరుగెత్తే కాలు.

ఆ ఏడు జిల్లా బడిపిల్లల ఆటలు.
కుప్పం నుంచి అరవం చదివేవాళ్ళు,
మదనపల్లె నుంచి ఉర్దూ చదివేవాళ్ళు,
నీళ్ళు పోసే మునెమ్మకైతే ఏదీ రాదు.
"అందరికీ అర్థమయ్యేట్టు బోర్డులు రాయాలప్పా" అన్నారు.
"అయితే అక్షరం వద్దు" అన్నాడు.

మూడు రోజులు మైదానంలోనే కూర్చున్నాడు.
కూతకు పోయేవాడి నడుం ఎక్కడ వంగుతుందో,
ఖోఖో పిల్ల లేచేటప్పుడు
ముందు కదిలేది చెయ్యా, చూపా అని
బీడీకట్ట కాగితం మీద గీసుకుంటా.
కోర్టుకు వేసిన సున్నం గీత రెండంగుళాల లావు.
చేతికీ కాలికీ వీపుకీ ఆ లావే తీసుకున్నాడు.
తలకాయకు టీగ్లాసు బోర్లించాడు.
ఎర్రమన్ను రంగొకటి, నీలమొకటి.
డబ్బుల్లేక అని కొందరు,
పొగరని కొందరు.

కమిటీ పెద్ద కోదండరెడ్డి వచ్చి చూసి
"అధ్యక్షులవారి ఫోటో ఏదిరా?"
"పరిగెత్తేది ఆయప్ప కాదు గదా సా."
"పోనీ, బొమ్మకైనా కండ్లూ ముక్కూ పెట్టు."
"గమ్మునుండండి సా,
ఎవురు పరిగెత్తితే వాళ్ళు పెట్టుకుంటారు."
కూలిలో ఇరవై రూపాయలు కోసేసినారు.

నాది గుడుపల్లె.
తెలుగు మాట్లాడతానే గానీ, బళ్ళో చదివింది అరవం.
బస్సు దిగి గుంపులో తప్పిపోయి
ఏడుపు గొంతు దాకా వచ్చినప్పుడు
గోడ మీద నీలం మనిషి
ఒళ్ళంతా అటు వంచి
రమ్మన్నాడు. పోయాను.
నాలుగువందల మీటర్లలో ఐదోదాన్ని.

ఇప్పుడు తిరుపతిలో
పరుగుపందేలకు ఛాతీ నంబర్లు, జెండాలు,
మెడల్ రిబ్బన్లు చేసే అంగడి నాది.
కుర్రాళ్ళు దేశదేశాల బొమ్మలు తెరిచి చూపిస్తారు.
ఏదీ నచ్చక మౌస్ నేను పట్టుకుంటే
చెయ్యి దానంతటది
ఒక లావు దగ్గర ఆగుతుంది.
"ఇది ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్?"
టీగ్లాసు పక్కకు జరుపుతాను.

మొగిలప్ప పోయాక
ఆయన కూతురు మంగవేణి ఇచ్చిన ఫిల్మొకటి
నా సొరుగులో ఉండాది.
కరెంటు బిల్లు కోసమో, కత్తెర కోసమో వెతుకుతుంటే
చేతికి తగులుతుంది.
ట్యూబులైటుకు ఎత్తి పట్టుకుంటే
పరుగెత్తే కాలున్న చోట
ఉత్త వెలుతురు.
చుట్టూరా, పేరు తెలియని ఎవరిదో
ఇంకా అతుక్కోని ఎముక.